నాది ప్రశ్న కాదు, ఒక చిన్న మాట

ఉపన్యాసం ముగిసిన తరువాత సభలో ఒక మనిషి లేచి "నాది ప్రశ్న కాదు, ఒక చిన్న మాట" అన్నాడంటే ఆ మాట చిన్నది కాబోదని అర్థం. ఒహాయోలో ఏ గ్రంథాలయానికి వెళ్లినా ఆ మనిషి ఉంటాడు. వక్త రాజ్యాంగం గురించి చెప్పినా, సుంకాల చట్టం గురించి చెప్పినా, అతడు మాత్రం తన ముత్తాత పొలంలో దొరికిన ఫిరంగి గుండు గురించే చెబుతాడు. వక్త మర్యాదకు తల ఊపుతాడు. సభ గడియారం వైపు చూస్తుంది. "దయచేసి ప్రశ్న అడగండి" అని అతడిని ఆపే అధికారం సభలో ఒక్కరికే ఉంటుంది. మా కోల్‌బర్న్ ఊరి చరిత్ర సంఘంలో అధ్యక్షురాలిగా ఆ ఒక్కరూ నేనే. హైస్కూలులో జీవితమంతా పౌరశాస్త్రం బోధించినదాన్ని. అధికారం ఎందుకిస్తారో, ఎక్కడితో ఆగాలో పిల్లలకు వల్లె వేయించినదాన్ని. అందువల్ల నాకు దక్కిన ఆ కాస్త అధికారాన్ని మొహమాటం లేకుండా వాడాను.

మా ఊళ్లో ఆ మనిషి పేరు ఆర్లో బెంకర్ట్.

ఆర్లో పళ్ల డాక్టరు. పని మానేసి చాలా కాలమైంది. నోరు తెరుచుకుని పడుకుని, బదులు పలకలేని మనుషులతో ఏళ్ల తరబడి మాట్లాడి, సంభాషణ అంటే అదేనని నమ్మినవాడు. హాలోవీన్ నాడు తలుపు తట్టిన పిల్లలకు మిఠాయికి బదులు పళ్ల బ్రష్షులు పంచి, వాళ్ల నిరసనను నవ్వుతూ భరించినవాడు. ఉపన్యాసం దేని మీదైనా, అతడు చెప్పేది ఒక్కటే కథ. మా ఊరి పాత కాలువ మీద నీటి మట్టం మార్చి పడవలను దాటించే తొమ్మిదో లాకు దగ్గర అతడి ముత్తవ్వ ఒటిలీ చేసిన ఘనకార్యం.

ఒటిలీ కాలువ పడవలో వంటమనిషి. ఒక ఉదయం రెండు పడవలు ఒకేసారి లాకు దగ్గరికి వచ్చాయి. ముందెవరు వెళ్లాలనే విషయంలో సరంగులిద్దరూ గట్టు మీదికి దూకి కొట్టుకున్నారు. పడవ పనివాళ్లు చెరొక పక్షాన చేరారు. లాకు కాపరి పందెం కాశాడు. ఒటిలీ పొయ్యి మీది చిక్కుడు గింజల సూపు దించి, చేతులు తుడుచుకుని, గట్టెక్కి, పడవను లాగే కంచరగాడిదల కళ్లెం పట్టుకుని, మగవాళ్లు కొట్టుకుంటూ ఉండగానే తన పడవను లాకులోకి నడిపించి దాటించింది. కథ ఇంతే. ఆర్లో చెబితే మాత్రం ఇంతతో ఆగదు. కంచరగాడిదలకు పేర్లుంటాయి, సూపులో పడ్డ దినుసులుంటాయి, సరంగు విరిగిన పన్ను ఏ దవడదో కూడా ఉంటుంది.

నాకు ఆ కథ మీద ఒకే ఒక అభ్యంతరం. లాకు తలుపు దానంతట అది తెరుచుకోదు. దాని దూలాన్ని ఒకరు నడుం ఆనించి నెట్టాలి. కళ్లెం పట్టుకున్న మనిషికి అదే సమయంలో దూలం నెట్టడం కుదరదు.

"మా అవ్వ మహా బలమైన మనిషి హెస్టర్," అనేవాడు.

"బలం వేరు. ఒకేసారి రెండు చోట్ల ఉండడం వేరు."

"నీకు కవిహృదయం లేదు."

"తలుపు నెట్టిందెవరో చెప్పు, అప్పుడు తెచ్చుకుంటాను."

ఈ వాదం మా మధ్య ఎన్నో ఏళ్లుగా, ఎక్కువగా ఫోనులో, నడిచింది. శనివారం మధ్యాహ్నాలు దేశ చరిత్ర చూపే ఛానల్ ఒకటుంది. అందులో సంగీతం ఉండదు, ప్రకటనలుండవు. కెమెరా ఒకచోట నిలబడి ఉపన్యాసాన్ని మొదటి నుంచి చివరి దాకా కన్నార్పకుండా చూస్తుంది. దగ్గు వచ్చినా చూస్తుంది, కుర్చీ పడినా చూస్తుంది. దాన్ని చూసేవాళ్లు దేశంలో ఎంతమంది ఉన్నారో తెలియదు గాని, కోల్‌బర్న్‌లో ఇద్దరం. మేపుల్ వీధిలో అతడి ఇంట్లో అతడు, చర్చి వెనుక నా ఇంట్లో నేను. చెవికి ఫోను ఆనించుకుని, ఒకే కార్యక్రమాన్ని ఇద్దరం చెరొక టీవీలో చూసేవాళ్లం. వక్త పొరపాట్లు నేను పట్టేదాన్ని. వక్త పళ్లు అతడు పట్టేవాడు.

"ఈయన నిద్రలో పళ్లు నూరతాడు," అనేవాడు. "కింది వరస అరిగిపోయింది చూడు. పెళ్లాంతో పడదు."

"ఆయన చెప్పిన తేదీ తప్పు."

"అలాంటివాడికి పెళ్లాంతో ఎలా పడుతుంది మరి?"

ఒకరి ఇంటికి మరొకరం వచ్చి పక్కపక్కన కూర్చుని చూడవచ్చు కదా అని మా సంఘం కోశాధికారి లూయెల్లా ఒకసారి అడిగింది. పక్కన కూర్చుంటే మధ్యలో లేచి వెళ్లే హక్కు పోతుంది. ఫోను అయితే ఎప్పుడైనా పెట్టేయవచ్చు. ఆ హక్కును ఇద్దరమూ ఎన్నడూ వాడుకోలేదు.

ఆ వేసవి చివరలో ఛానల్ నుంచి మెరిడిత్ అనే అమ్మాయి ఫోన్ చేసింది. మా శరదృతువు ఉపన్యాసాన్ని చిత్రీకరిస్తామంది. వక్త కొలంబస్ నుంచి రానున్న ప్రొఫెసర్ విండల్. విషయం, సెనేట్‌లో బిల్లును ఆపడానికి గంటల తరబడి ఆగకుండా మాట్లాడే ఆచారం, దాని చరిత్ర. మెరిడిత్ రెండు సంగతులు నొక్కి చెప్పింది. మొదటిది, వాళ్లు ఏదీ కత్తిరించరు. జరిగింది జరిగినట్టే వెళుతుంది. రెండవది, ప్రశ్న అడిగేవాళ్లు నడవలో పెట్టిన మైకు దగ్గరికి రావాలి.

"మైకులో చెప్పని మాట మా ప్రేక్షకులకు లేనట్టేనండీ," అంది. "గంట కార్యక్రమం. చివర పావుగంటైనా ప్రశ్నలుండాలి. మీ ఊరివాళ్లు బాగా అడుగుతారు కదా?"

"అడగడంలో మా ఊరికి లోటు లేదు," అన్నాను.

సంఘం కమిటీ సమావేశమై ఐదు నిమిషాలు ఆనందించి, తరువాత ఆర్లో గురించి భయపడింది. అందరి తరఫునా లూయెల్లా మాట్లాడింది.

"వాళ్లు కత్తిరించరంట. అంటే ఆ గాడిదలు, ఆ సూపు, అంతా దేశం మొత్తం చూస్తుంది. ఇంకోసారి మన మొహం చూస్తారా వాళ్లు? మీరే చెప్పండి మిస్ ప్రూడెన్. మీరు చెబితేనే వింటాడు."

"నియమం ఉన్నదే. కొత్తగా చెప్పేదేముంది," అన్నాను.

"ఉన్నదే అయితే ఇన్నాళ్లూ ఎవరు విన్నారండీ?"

మర్నాడు రూబార్బ్ పై అనే తీపి వంటకం ఒకటి పట్టుకుని అతడి ఇంటికి వెళ్లాను. చెడు కబురు మోసుకెళ్లేటప్పుడు చేతిలో పై ఉండడం మా వైపు పద్ధతి. ఆర్లో వంటింట్లో కొత్త నీలం టై కట్టుకుని, పొయ్యి మీద గుడ్లు ఉడికే సేపు కొలిచే గుడ్ల గడియారం తిప్పి, గోడకేసి మాట్లాడుతున్నాడు.

"సరిగ్గా సమయానికొచ్చావు. కూర్చో. మొత్తం కుదించేశాను. గుడ్డు ఉడికేలోపు అయిపోతుంది. గాడిదల పేర్లు తీసేశా. నొప్పిగానే ఉంది, తీసేశా. ఒటిలీ పేరు మాత్రం రెండుసార్లు వస్తుంది. ఆవిడ పేరు ఈ ఊరు దాటి ఒక్కసారైనా వినపడాలి కదా."

"ఆర్లో, ప్రశ్న ఉంటేనే మైకు దగ్గరికి రావాలి."

"దానికేం, చివర్లో తగిలిస్తా. 'ఇదంతా విని ప్రొఫెసర్ గారు ఏమంటారు' అని."

"అది ప్రశ్న కాదు. తోక."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అతడి నవ్వు కూడా నెమ్మదిగా ఆగింది. గుడ్ల గడియారం మోగింది. దాన్ని ఆపి, పక్కన పెట్టాడు.

"కమిటీ చెప్పిందా, నువ్వు చెబుతున్నావా?"

"ఇద్దరమూ."

"కమిటీ ఒక్కటే అయితే లూయెల్లాను నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి." టై ముడి వదులు చేసుకున్నాడు. "అయితే నా మాట వినసొంపుగా లేదని ఇన్నేళ్లుగా ఎందుకు చెప్పలేదు?"

"వినసొంపుగా లేదని నేనలేదు. ప్రశ్న కాదన్నాను."

"సరే, మిస్ ప్రూడెన్. ప్రశ్న లేనిదే మైకులో కథ చెప్పను. మాటిస్తున్నా."

ఊళ్లో అందరూ నన్ను మిస్ ప్రూడెన్ అనే అంటారు. నా దగ్గర చదువుకుని, మనవలను ఎత్తిన మనుషులు కూడా అలాగే అంటారు. హెస్టర్ అనేవాడు అతడొక్కడే. రూబార్బ్ గిన్నె బల్ల మీద పెట్టి వచ్చాను.

ఆ శనివారం ఫోను మోగలేదు. ఆ పై శనివారమూ మోగలేదు. నేనే చేయవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. నియమం పెట్టినవారు తామే ముందుగా ఫోన్ చేస్తే, ఆ నియమాన్ని తామే నమ్మడం లేదని అర్థం వస్తుంది. అది సరైన నియమం. ఇప్పటికీ సరైనదేనంటాను. ఆ వారం ఛానల్‌లో ఒక వక్త, మా ఒహాయో మనిషి అధ్యక్షుడైన ఎన్నికను చెబుతూ, పద్దెనిమిది వందల డెబ్బై ఆరు అనవలసిన చోట డెబ్బై రెండు అన్నాడు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. పట్టిన తప్పును వినిపించడానికి మనిషి లేకపోతే, తప్పు పట్టడంలో ఏ సుఖమూ లేదని అప్పుడు తెలిసింది.

ఉపన్యాసం నాడు గ్రంథాలయం కింది హాలు నిండిపోయింది. కెమెరా ఉందని తెలిసి జనం చర్చి బట్టలు వేసుకు వచ్చారు. చర్చి బట్టలతోపాటు చర్చి మౌనం కూడా తెచ్చారని నేను అప్పుడు గమనించలేదు. ఆర్లో మొదటి వరుసలో నీలం టైతో కూర్చున్నాడు. నాకు తల వంచి నమస్కరించాడు. బ్యాంకులో గుమాస్తాకు చేసినట్టు.

ప్రొఫెసర్ విండల్ చక్కని వక్త. ఒక సెనేటర్ కాలయాపన కోసం ఆల్చిప్పలు వేయించే విధానాన్ని సభలో నిలబడి వివరించిన ఘట్టం దగ్గర జనం నవ్వవలసింది. నవ్వలేదు. కొందరు కెమెరా వైపు దొంగచూపు చూసి, నోరు మూసుకున్నారు. నవ్వు రాని సభలో వక్త వేగం పెరుగుతుంది. ఎడతెగని ఉపన్యాసాల చరిత్ర చెప్పడానికి వచ్చిన ఆ మనిషి, తన ఉపన్యాసాన్ని అనుకున్న సమయానికి చాలా ముందే ముగించాడు.

నేను వేదికెక్కి మామూలుగా చెప్పే వాక్యం చెప్పాను. "ఇక ప్రశ్నలు. వ్యాఖ్యలు వద్దు, ప్రశ్నలు మాత్రమే. మైకు దగ్గరికి రండి."

ఎవరూ రాలేదు.

టౌన్ మీటింగులో మురుగు కాలువ గురించి అర్ధరాత్రి దాకా అరిచే జనం అది. ఒక్కరూ కదలలేదు. నడవలో మైకు ఒంటరిగా నిలబడి ఉంది. హాలు వెనుక మెరిడిత్ చేతిని గాలిలో గుండ్రంగా తిప్పింది. సాగించమని. నేను నియమాన్ని మళ్లీ చెప్పాను. తెలివైన పని కాదు. మరింత నిశ్శబ్దమైంది.

చివరికి లూయెల్లా లేచింది. కమిటీ పరువు నిలపడానికి చేతిసంచీతో సహా మైకు దగ్గరికి నడిచింది.

"ప్రొఫెసర్ గారూ, మా ఊరికి మళ్లీ వస్తారా?"

"తప్పకుండా వస్తానండీ."

"సంతోషం," అని వచ్చి కూర్చుంది. ప్రశ్నే. దోషం పట్టడానికి వీలు లేదు.

మెరిడిత్ చేయి ఇంకా వేగంగా తిరిగింది. ఆ సరికి హాలులో ప్రతి తలా మొదటి వరుస వైపు తిరిగి ఉంది. ఇన్నేళ్లుగా ఎవరు లేస్తే నిట్టూర్చారో, ఇప్పుడు అతడు లేవాలని చర్చి బట్టల్లో కూర్చుని ప్రార్థిస్తున్నారు. ఆర్లో చేతులు ఒడిలో పెట్టుకుని, వేదిక మీది జెండా కర్రను చూస్తున్నాడు.

"డాక్టర్ బెంకర్ట్," అన్నాను. "మీకేమైనా ప్రశ్న ఉందా?"

లేచాడు. నడవలోకి వచ్చాడు. మైకును తన ఎత్తుకు సరిచేసుకున్నాడు. హాలంతా ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది.

"లేదండీ," అన్నాడు మైకులో, స్పష్టంగా. "నా దగ్గర ప్రశ్న లేదు."

వెళ్లి కూర్చున్నాడు. ఇచ్చిన మాటను అక్షరాలా నిలబెట్టుకున్నాడు. నాకు అంత కోపం వచ్చిన సందర్భాలు జీవితంలో తక్కువ. ఆ కోపంలోనే నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ సభ ముగిసి, దీపాలార్పి, నేను ఇంటికి వెళ్లిన తరువాత శనివారాలు ఇక ఇలాగే ఉంటాయి. డెబ్బై రెండు కాదు, డెబ్బై ఆరు అని నేను గోడకు చెప్పుకోవాలి.

నియమాన్ని రద్దు చేయాలంటే కమిటీ తీర్మానం కావాలి. ఉల్లంఘించడానికి ఒక్క మనిషి చాలు. ఇది నేను పిల్లలకు చెప్పిన పాఠమే. వేదిక దిగి, నడవలోకి నడిచి, మైకు ముందు నిలబడ్డాను. మైకు ఇంకా అతడి ఎత్తులోనే ఉంది. దించాను.

"ప్రొఫెసర్ విండల్," అన్నాను, "నాది ప్రశ్న కాదు. ఒక చిన్న మాట."

వెనుక వరుసలో ఎవరో ముక్కుతో నవ్వారు. తరువాత హాలంతా నవ్వింది. ఆ మధ్యాహ్నం అదే మొదటి నవ్వు.

"మీరు ఆల్చిప్పలు వేయించిన సెనేటర్ గురించి చెప్పారు. మా ఊళ్లో చిక్కుడు గింజల సూపు వండిన ఒక స్త్రీ ఉండేది. పేరు ఒటిలీ బెంకర్ట్."

చెప్పాను. నేను వినడం లేదని అతడు అనుకున్న ప్రతిసారీ నేను విన్నాను కనుక, మొత్తం నోటికి వచ్చింది. కొట్టుకున్న సరంగులను చెప్పాను. పందెం కాసిన లాకు కాపరిని చెప్పాను. అతడు గుడ్ల గడియారం కోసం తీసేసిన కంచరగాడిదల పేర్లు, బార్బరా, బిస్మార్క్, రెండూ తిరిగి పెట్టాను. సూపులో పంది ఎముక వేశాను. విరిగిన పన్ను పైదవడది, ఎడమ వైపుదని చెప్పాను. జనం ముందుకు వంగి వింటున్నారు. ఆ కథ వాళ్లకూ కంఠస్థమే. నేను ఎక్కడైనా తప్పుతానేమోనని చూస్తున్నారు.

"అయితే," అన్నాను, "ఇందులో ఒక చిక్కు ఉంది. లాకు తలుపు దూలాన్ని ఎవరో నెట్టాలి. ఒటిలీ కళ్లెం పట్టుకుని ఉంది. మగవాళ్లు కొట్టుకుంటున్నారు. కనుక ఆ రెండో మనిషి ఎవరన్నది చరిత్రకు తెలియదు."

"రెండో పడవ వంటమనిషి," అన్నాడు ఆర్లో కుర్చీలోంచి.

నేను తిరిగి చూశాను. ఇన్నేళ్లలో ఆ జవాబు ఎన్నడూ చెప్పలేదు.

"ఆధారం ఏది?" అన్నాను.

"ఇద్దరి సూపూ చల్లారిపోతోంది కదా."

"అది ఆధారం కాదు. కారణం."

"కారణం దొరికాక ఆధారం దానంతటదే వస్తుంది."

"రాదు. ఎన్నడూ రాదు. కాని," అని ఆగాను. ఆలోచించాను. రెండు పడవలు, రెండు పొయ్యిలు. ప్రతి పడవలోనూ ఒక వంటమనిషి ఉండడం ఆ కాలువ మీద మామూలే. ఇద్దరికీ తొందర ఉంది, ఇద్దరికీ గెలుపుతో పని లేదు. ఒకామె దూలం నెడితే, రెండోసారి మరొకామె నెడుతుంది. రెండు పడవలూ దాటతాయి. "కాని, అసంభవం కాదు."

ప్రొఫెసర్ విండల్ మర్యాదగా గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మరి నన్నేమైనా అడుగుతారా?"

"లేదండీ," అన్నాను. మెరిడిత్ చేయి తిరగడం ఆగిపోయింది. కార్యక్రమానికి సమయం సరిపోయింది.

తరువాత కాఫీల దగ్గర జనం నన్ను చుట్టుముట్టారు. లూయెల్లా ఒక్కతే దూరంగా ఉండి నిమ్మకాయ బిస్కట్లు పేర్చుతూ, "ఇక మీదట ఎవర్నైనా ఆపండి చూద్దాం," అంది, ఎవరితోనూ కానట్టు. ఆర్లో వచ్చి ఒక బిస్కట్టు కాగితపు రుమాలులో చుట్టుకున్నాడు. మా ఇద్దరి మధ్య అరడజను మంది ఉన్నారు. వాళ్ల తలల మీదుగా నన్ను చూసి, "శుభ సాయంత్రం, మిస్ ప్రూడెన్," అని వెళ్లిపోయాడు. ఆ గొంతులో ఏముందో నాకు తెలియలేదు. ఆ తరువాత శనివారాల్లోనూ ఫోను మోగలేదు. చేయవలసింది చేసి, చెప్పవలసింది అందరి ముందూ చెప్పి, ఇక నేను ఎదురుచూడవలసింది ఏమీ లేదని నిశ్చయించుకున్నాను. నిశ్చయించుకున్నానే గాని, ఫోనును పుస్తకాల బీరువా మీది నుంచి తెచ్చి కుర్చీ పక్కన పెట్టుకున్నాను.

నవంబరులో ఒక శనివారం మా కార్యక్రమం ప్రసారమైంది. కిటికీ బయట ఆకులు లేని మేపుల్ చెట్ల మీద సన్నని మంచు పడుతోంది. తెర మీద మా హాలు, మా జెండా, మా చర్చి బట్టల జనం. మొదటి వరుసలో నీలం టై కనిపించింది. ఫోను మోగింది.

"ఆ స్వెటర్ ఎవరిచ్చారు నీకు?" అన్నాడు ఆర్లో. పలకరింపు లేదు, ఏమీ లేదు. "తెర మీద టమాటాలా ఉన్నావు."

"నీ టై వంకరగా ఉంది."

"నన్ను చూస్తున్నావన్నమాట."

ప్రొఫెసర్ విండల్ మొదలుపెట్టాడు. అతడి పళ్లు బాగున్నాయని, చిన్నప్పుడు తీగ కట్టించుకున్నాడని ఆర్లో తేల్చాడు. నేను రెండు తేదీలు సరిచేశాను. ఆల్చిప్పల దగ్గర ఇద్దరం నవ్వాం. హాలులో నవ్వవలసిన నవ్వు, ఆలస్యంగా, రెండు ఇళ్లలో. తరువాత నేను వేదికెక్కిన ఘట్టం వచ్చింది.

"హెస్టర్."

"ఏమిటి?"

"దవడ బిగించి మాట్లాడుతున్నావు. చెంప దగ్గర చూడు, ఆ కండరం. రాత్రిళ్లు పళ్లు నూరుతున్నావా?"

నేను తెర మీది ఆ ముసలామెను చూశాను. నిజమే. అబద్ధం చెప్పవచ్చు. చెబితే నమ్మడు. అతడి వృత్తి అది.

"నూరుతున్నాను."

"ఎప్పటి నుంచి?"

"సెప్టెంబరు నుంచి."

టీవీ రెండు చోట్లా మోగుతోంది. అతడి టీవీ నా టీవీ కన్నా ఒక మాట వెనుక ఉంటుంది, ఎప్పుడూ అంతే.

"సోమవారం రా. రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు చేసిస్తా. అచ్చు తీసే సామాను ఇంకా ఉంది నా దగ్గర," అన్నాడు. "ఉపన్యాసమైన రాత్రే ఫోన్ చేసేవాణ్ణి. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. నాలుగుసార్లు తీశా, పెట్టేశా. నా దగ్గర ప్రశ్నేదీ లేదు మరి."

"నిశ్శబ్దంగా ఉండు. నేను మాట్లాడుతున్నాను."

తెర మీద నేను ఒటిలీ కథ చెబుతున్నాను. ఆర్లో పెదవి కదిపి నాతోపాటు చెబుతున్నాడని ఊపిరిని బట్టి తెలుస్తోంది. గాడిదల పేర్ల దగ్గర ఆగి, కాఫీ తాగాడు. తరువాత లాకు తలుపు వచ్చింది. కెమెరా నన్నే చూస్తోంది. చరిత్రకు తెలియదని చెప్పి, తెర మీది నేను ఉన్నట్టుండి పక్కకు తిరిగి, ఎవరూ లేని చోటును కళ్లెర్రజేసి చూసి, "ఆధారం ఏది?" అని గద్దించాను. జవాబు వినిపించలేదు. మైకులో చెప్పని మాట లేనట్టే. "అది ఆధారం కాదు, కారణం," అని మళ్లీ శూన్యానికి చెప్పాను. కొంతసేపు ఆలోచించాను. శూన్యంతో రాజీపడ్డాను.

ఆర్లో దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"దేశమంతా చూసింది హెస్టర్. కోల్‌బర్న్‌లో ఒకావిడ గోడతో పోట్లాడి, చివరికి గోడ మాట ఒప్పుకుంది."

"ఒప్పుకోలేదు. అసంభవం కాదన్నాను."

"నీ నోటి నుంచి అది పెళ్లి ప్రమాణం కన్నా ఎక్కువ." మళ్లీ కాఫీ చప్పరించిన శబ్దం. "అధ్యక్షురాలుగారూ, ఒక్క సందేహం. అంతసేపు మైకు ముందు నిలబడ్డారు కదా. ఇంతకీ తమరి ప్రశ్న ఏమిటి?"

"నా ప్రశ్న ఎన్నో ఏళ్లుగా ఒక్కటే. తలుపు నెట్టిందెవరు?"

"చెప్పాగా. రెండో పడవ వంటమనిషి."

"పేరు?"

ఆలోచిస్తున్నట్టు నటించాడు.

"హెస్టర్ అనుకుందాం."

ఆ పేరు గల వంటమనిషి ఒహాయో కాలువల మీద ఎక్కడైనా పనిచేసినట్టు ఆధారం లేదని అతడికి వివరంగా చెప్పాను. చెప్పడం పూర్తయ్యేసరికి తరువాతి కార్యక్రమం మొదలైంది, గోధుమ ధరల మీద ఏదో ఉపసంఘం పాత విచారణ. అధ్యక్షుడు సుత్తితో బల్ల కొట్టాడు. అతడి పైవరస పళ్లు సొంతవి కావని ఆర్లో అన్నాడు. నేను కుర్చీ టీవీకి కాస్త దగ్గరగా జరుపుకున్నాను, చూడడానికి.